మా నాన్న చంద్రుడి దాకా వెళ్లొచ్చాడు

1967 ఏప్రిల్‌లో అమెరికాలోని పారమౌంట్ కార్టూన్ స్టూడియో నుంచి ఓ బుల్లి సినిమా వచ్చింది. పేరు 'మై డాడీ ది ఆస్ట్రోనాట్'. తెర మీది బొమ్మలన్నీ ఎవరో చిన్న పిల్లవాడు గీసినట్టుంటాయి. కథ చెప్పే గొంతు కూడా పిల్లవాడిదే. వాళ్ల నాన్న వ్యోమగామి. రాకెట్ ఎక్కుతాడు, చంద్రుణ్ని చుట్టి వస్తాడు, చెక్కు చెదరకుండా ఇల్లు చేరతాడు. తర్వాత కొడుకుతో కలిసి వినోదాల పార్కుకు వెళతాడు. అక్కడి రైడ్లు ఎక్కేసరికి, చంద్రుడి దాకా వెళ్లొచ్చిన ఆ పెద్దమనిషికి కళ్లు గిర్రున తిరిగి కడుపులో దేవేస్తుంది.

ఇంతే కథ. కానీ ఇందులో ఒక న్యాయం ఉంది. పిల్లవాడి లెక్కలో చంద్రయానం ఎంత పెద్ద ప్రయాణమో, నాన్నతో కలిసి ఎగ్జిబిషన్‌కు వెళ్లడమూ అంతే పెద్ద ప్రయాణం. నుమాయిష్‌లో జెయింట్ వీల్ పైకి వెళ్లినప్పుడు పక్కన కూర్చున్న నాన్న మోకాలు గట్టిగా పట్టుకున్న వాళ్లెవరికైనా ఈ లెక్క తప్పనిపించదు.

ఈ సినిమా వచ్చేనాటికి మనిషి చంద్రుడి దరిదాపులకు కూడా వెళ్లలేదు. పైగా అది అమెరికా అంతరిక్ష యాత్రలకు చాలా బరువైన కాలం. మూడు నెలల కిందటే, జనవరి 27న, అపోలో 1 నౌకకు నేల మీద పరీక్షలు చేస్తుండగా మంటలు చెలరేగి ముగ్గురు వ్యోమగాములు చనిపోయారు. ఆ వసంతంలో థియేటర్‌లో కూర్చున్న ప్రేక్షకులకు 'నాన్న క్షేమంగా తిరిగొచ్చాడు' అని ఒక పిల్లవాడు చెబుతుంటే ఎలా వినిపించి ఉంటుందో ఆలోచిస్తే నాకు గొంతు పట్టేస్తుంది.

నిజం ఇంకోలా జరిగింది

సినిమా వచ్చిన 20 నెలలకు, 1968 డిసెంబరులో, అపోలో 8 నిజంగానే చంద్రుడి దగ్గరికి వెళ్లింది. ఫ్రాంక్ బోర్మన్, జిమ్ లోవెల్, బిల్ ఆండర్స్ చంద్రుణ్ని 10 సార్లు చుట్టి క్షేమంగా తిరిగొచ్చారు. అయితే కార్టూన్‌లో నాన్నకు అంతరిక్షంలో ఏమీ కాలేదు, పార్కులోనే తిప్పేసింది. అపోలో 8లో దళపతి బోర్మన్‌కు దారిలోనే వాంతులయ్యాయి.

ఆయన మొదటివాడేం కాదు. 1961 ఆగస్టులో వోస్తోక్ 2లో వెళ్లిన సోవియట్ వ్యోమగామి గెర్మన్ తితోవ్‌కు అప్పుడు 25 ఏళ్లు. ఒక రోజుకు పైగా భూమి చుట్టూ తిరిగిన తొలి మనిషి ఆయనే, అంతరిక్షంలో కడుపులో తిప్పి వాంతి చేసుకున్న తొలి మనిషీ ఆయనే. తొలినాటి అమెరికన్ వ్యోమగాములకు ఈ ఇబ్బంది పెద్దగా రాకపోవడానికి ఒక కారణం చోటు లేకపోవడం. మెర్క్యురీ, జెమినీ నౌకలు మరీ ఇరుకు. మనిషి కుర్చీలోంచి లేచి కదిలే వీలుండేది కాదు. అపోలోలో పట్టీలు విప్పుకుని అటూ ఇటూ తేలే చోటు దొరికింది. దాంతో పాటే ఈ తిప్పుడూ వచ్చింది.

లోపలి చెవిలో సన్నని గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. తల ఎటు కదులుతోందో మెదడుకు చెప్పేది ఆ ద్రవమే. కన్ను ఒకటి చెప్పి చెవి ఇంకోటి చెబితే మెదడు తికమకపడుతుంది, కడుపు తిరగబడుతుంది. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు కిటికీ పక్కన కూర్చుని నిమ్మకాయ వాసన చూసే పిల్లకూ, రోలర్ కోస్టర్ ఎక్కిన నాన్నకూ, చంద్రుడి దారిలో ఉన్న బోర్మన్‌కూ వచ్చింది ఇంచుమించు ఒకే తంటా. ఆ కార్టూన్ కథ వట్టి తమాషా కాదు, శరీరం పనిచేసే తీరుకు చాలా దగ్గరగా ఉంది.

ఆరు నెలలు మరుగుజ్జులను నడిపించిన చెయ్యి

ఈ పిల్లచేష్టల సినిమా తీసినాయన షేమస్ కల్‌హేన్. 1908లో పుట్టాడు, 1924 నుంచే బొమ్మల సినిమాల్లో ఉన్నాడు. డిస్నీ వారి 'స్నో వైట్'లో పని ముగించుకుని బరువైన అడుగులతో వరసగా ఇంటికి నడిచే మరుగుజ్జుల దృశ్యం చూశారా? దాన్ని కదిలించింది ఈయనే. తెర మీద కాసేపే కనిపించే ఆ నడకకు సహాయకులతో కలిసి ఆరు నెలలు పట్టింది. ఒక్కో మరుగుజ్జు ఒక్కోలా నడవాలి, అయినా అందరూ ఒకే లయలో అడుగేయాలి. అంత నునుపైన పని చేసిన చెయ్యి, 30 ఏళ్ల తర్వాత, వంకరటింకర గీతల దగ్గరికి వచ్చింది.

ఫ్రాన్సులో ఆనెసీ అనే ఊళ్లో జరిగే యానిమేషన్ ఉత్సవానికి బొమ్మల సినిమా లోకంలో చాలా గౌరవం ఉంది. అక్కడ ప్రదర్శించిన మొదటి పారమౌంట్ కార్టూన్ 'మై డాడీ ది ఆస్ట్రోనాటే'. పపాయి, బెటీ బూప్ కార్టూన్లు తీసిన పాత స్టూడియోకు వారసత్వంగా వచ్చిన సంస్థ ఈ పారమౌంట్ కార్టూన్ స్టూడియో. అన్ని దశాబ్దాల్లో, అన్ని వందల కార్టూన్లలో, ఆ గడప దాటి లోపలికి వెళ్లింది ఒక పిల్లవాడి డ్రాయింగ్ పుస్తకం లాంటి సినిమా. ఆ ఏడాది గడవకముందే స్టూడియో మూతపడింది.

వయసు 32½

పారమౌంట్ వాళ్లకు పిల్లల గీతల మీద మక్కువ అంతకు రెండేళ్ల ముందే మొదలైంది. 1965లో వాళ్లు ఇదే పద్ధతిలో రెండు చిన్న సినిమాలు తెచ్చారు. ఒకటి జార్జ్ వాషింగ్టన్ కథ, రెండోది సముద్రపు కట్టకు పడ్డ చిల్లిని వేలితో మూసిన డచ్చి కుర్రాడి కథ. రెండూ బడిలో విన్న పాఠాన్ని పిల్లవాడు తనకు అర్థమైనట్టు తిరగ చెబుతుంటే ఎలా ఉంటుందో అలా ఉంటాయి.

వాటి వెనక ఉన్నది జాక్ మెండెల్‌సన్. 1959 నుంచి అమెరికా పత్రికల ఆదివారం పేజీల్లో ఆయన 'జాకీస్ డైరీ' అనే బొమ్మల కథ వేశాడు. బొమ్మలు పిల్లల గీతల్లా ఉంటాయి, స్పెల్లింగులు తప్పుల తడక. సంతకం దగ్గర మాత్రం 'జాకీ మెండెల్‌సన్, వయసు 32½' అని ఉంటుంది. ఆ అర మీద నాకు ఎంత ఇష్టమో! పెద్దవాళ్లెవరూ తమ వయసులో అర కలపరు. ఐదున్నర అని గట్టిగా చెప్పేది ఐదేళ్ల వాళ్లే, ఎందుకంటే వాళ్లకు ఆ ఆరు నెలలు ఎన్నో రోజులు ఎదురుచూసి సంపాదించుకున్న ఆస్తి.

ఈ మెండెల్‌సనే 1968లో వచ్చిన బీటిల్స్ బొమ్మల సినిమా 'యెల్లో సబ్‌మెరైన్'కు స్క్రీన్‌ప్లే రాసిన నలుగురిలో ఒకడు.

ఇంచుమించు అదే కాలంలో మనకు బుడుగు ఉన్నాడు. 1950ల్లో ముళ్ళపూడి వెంకటరమణ ఆ పిల్లవాడి నోటితోనే అన్నీ చెప్పించారు, బాపు బొమ్మలు వేశారు. ఇక్కడొక తేడా గమనించాలి. మెండెల్‌సన్ పిల్లవాడి చేతిని తెచ్చుకున్నాడు, గీత కూడా పిల్లవాడిదే అన్నాడు. బాపు గీత బాపుదే, అది పిల్లల గీత కాదు. మన దగ్గర మాట పిల్లవాడిది, బొమ్మ పెద్దాయనది. అయినా బుడుగు ఎత్తులోంచే లోకం కనిపిస్తుంది. పెద్దవాళ్లు ఎంత పొడుగ్గా ఉంటారో, వాళ్ల మాటలు ఎంత అయోమయంగా ఉంటాయో అంతా ఆ ఎత్తులోంచే.

బస్సు లోపల ఏముందో బయటి నుంచే

మా మేనకోడలు ఐదో ఏట గీసిన ఆర్టీసీ బస్సు బొమ్మ ఒకటి నా దగ్గర భద్రంగా ఉంది. బస్సుకు నాలుగు చక్రాలూ ఒకే పక్కన వరసగా ఉంటాయి. బస్సు గోడ ఉన్నా లోపల కూర్చున్న వాళ్లందరూ కాళ్లతో సహా కనిపిస్తారు. కండక్టర్ అందరికన్నా పొడుగు, ఆయన సంచీ ఆయన కన్నా పెద్దది. డ్రైవర్ ముక్కు పక్కకి, కళ్లు రెండూ మనవైపు. సీటు కింద బుట్టలో ఉన్న కోడి కూడా కనిపిస్తుంది. బుట్టకు మూత ఉంది. అయినా కోడి కనిపిస్తుంది. 'మూత ఉంటే ఎలా కనిపిస్తుందమ్మా' అని అడిగాను. 'లోపలే ఉంది కదా మామయ్యా' అంది.

ఫ్రెంచి పండితుడు జార్జ్ హెన్రీ ల్యూకే 1927లో పిల్లల బొమ్మల మీద రాసిన పుస్తకంలో సరిగ్గా ఈ సంగతే చర్చించాడు. పిల్లలు కంటికి కనిపించింది గీయరు, తమకు తెలిసింది గీస్తారు. బస్సులో మనుషులున్నారని తెలుసు కాబట్టి గోడ అడ్డం కాదు. బస్సుకు నాలుగు చక్రాలని తెలుసు కాబట్టి నాలుగూ వేయాలి. పెద్ద చిత్రకారులు ఎన్నో ఏళ్లు కష్టపడి నేర్చుకునే దూరం, దగ్గర, నీడ, మరుగు అన్నీ ఇక్కడ పక్కకు తప్పుకుంటాయి.

మూడు నాలుగేళ్ల పిల్లలు మనిషిని గీస్తే తల నుంచి నేరుగా కాళ్లు వస్తాయి, పొట్ట ఉండదు. పరిశోధకులు దీన్ని తోకకప్ప మనిషి అంటారు. రోడా కెల్లాగ్ అనే అమెరికన్ బాలవాడి టీచరమ్మ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇలాంటి పిల్లల బొమ్మలు లక్షల సంఖ్యలో పోగుచేసింది. బొమ్మలకన్నా ముందు వచ్చే పిచ్చిగీతలను కూడా వదల్లేదు, వాటిలో 20 మూల రకాలను వేరుచేసింది. గోడ మీద బొగ్గుతో గీసిన గీతలను తడిగుడ్డతో తుడిచేసే ఇళ్లలో పెరిగిన మనకు, వాటిలో ఇరవై రకాలు చూసిన కళ్లంటే గౌరవం పుడుతుంది.

పిల్లల బొమ్మలను పట్టించుకున్న మొదటి పుస్తకాల్లో ఒకటి ఇటలీలో ఒక వాన వల్ల పుట్టింది. కొర్రాడో రిచ్చి అనే కళా చరిత్రకారుడు బొలోన్యా నగరంలో వాన పడుతుంటే ఓ వసారా కిందికి చేరాడు. తోచక గోడ వైపు చూస్తే అక్కడ పిల్లలు గీసిన బొమ్మలున్నాయి. వాన వెలిసింది, ఆయన ధ్యాస మాత్రం ఆ గోడ మీదే ఉండిపోయింది. 1887లో 'పిల్లల కళ' అనే పేరుతో పుస్తకం వేశాడు.

అంతకు మూడున్నర శతాబ్దాల ముందే ఇటలీలోనే జొవాన్ని ఫ్రాంచెస్కో కరోతో అనే చిత్రకారుడు ఒక చిత్రం వేశాడు. ఎర్రజుట్టు కుర్రాడు నవ్వుతూ తాను గీసిన బొమ్మ కాగితం మనకు చూపిస్తుంటాడు. కాగితం మీద పుల్లల్లాంటి మనిషి. ఆ చిత్రం ఇప్పటికీ వెరోనాలో కాస్టెల్‌వెక్కియో మ్యూజియంలో ఉంది. చిత్రకారుడు తన నేర్పంతా కుర్రాడి ముఖం మీద చూపించి, కాగితం మీది బొమ్మ దగ్గరకు వచ్చేసరికి ఆ నేర్పంతా పక్కన పెట్టాడు.

వంకర గీత కదలాలంటే

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. ఆరు నిమిషాల సినిమాకు 4,320. ఇప్పుడు ఓ పిల్లను కూర్చోబెట్టి అదే బస్సును అన్నిసార్లు గీయమంటే ఏమవుతుంది? ప్రతిసారీ చక్రాలు మారతాయి, కండక్టర్ సంచీ పెరుగుతుంది, కోడి మాయమవుతుంది. వరసగా తిప్పితే తెర మీద అంతా సలసలా కాగుతున్నట్టుంటుంది. నిజానికి పనివాళ్లు ఆ కదలికను మరగడం అనే అంటారు. కొందరు కావాలనే కొంచెం మరగనిస్తారు, గీత బతికున్నట్టు ఉంటుందని.

ఫ్రాన్సులో ఆన్రీ గ్రుయెల్ అనే బొమ్మల సినిమాల దర్శకుడు దీనికి కత్తెరతో ఉపాయం కనిపెట్టాడు. పిల్లలు గీసిన బొమ్మలను ముక్కలుగా కత్తిరించి, చేతులూ కాళ్లూ కెమెరా కింద కొంచెం కొంచెం జరుపుతూ ఫొటోలు తీశాడు. బొమ్మ ఒక్కటే కాబట్టి పిల్లవాడు గీసిన గీత చివరి దాకా అలాగే ఉంటుంది, పెద్దవాళ్ల చెయ్యి దాన్ని దిద్దే అవసరమే రాదు. 1953లో 'మార్తాఁ ఎ గాస్తోఁ', మరుసటి ఏడాది 'జితానోస్ ఎ పపియోఁ', 1955లో 'ల్ వ్వాయాజ్ ద బదబూ' ఈ దారిలో వచ్చినవే. తోలుబొమ్మలాట చూసిన కళ్లకు ఈ ఉపాయం కొత్తగా అనిపించదు. మన దగ్గర కూడా కీళ్ల దగ్గర విడదీసి కట్టిన బొమ్మే కదా తెర మీద రాముడయ్యేది, రావణుడయ్యేది. గ్రుయెల్‌కు తర్వాత 1958లో కాన్ ఉత్సవంలో చిన్న చిత్రాల విభాగంలో అగ్ర బహుమతి వచ్చింది. అది మోనాలిసా మీద తీసిన సినిమాకు. పిల్లల బొమ్మలతో పట్టిన కత్తెర ఆయన చేతిలో అప్పటికే బాగా అలవాటైంది.

గంజి ప్రకటన నుంచి ఆస్కార్ దాకా

ఇక గొంతుల సంగతి. బొమ్మల సినిమాల్లో పిల్లల గొంతు చాలాకాలం పెద్దవాళ్లదే. మన సినిమాల్లోనూ కుర్రాళ్ల పాత్రలకు ఆడవాళ్లు డబ్బింగ్ చెప్పడం అందరికీ తెలిసిందే. పిల్లలు కాగితం చూసి చదవలేరు, చదివినా అప్పజెప్పినట్టుంటుంది. 1965లో 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్'కు నిజం పిల్లలతోనే చెప్పించాలని పట్టుబట్టారు. చార్లీ చెల్లెలు శాలీ పాత్రకు గొంతిచ్చిన పాపకు అప్పటికి చదవడం కూడా రాదు. ఒక్కో ముక్క ఎవరో చెబుతుంటే వెనకాలే పలికింది.

జాన్ హబ్లీ, ఫెయిత్ హబ్లీ దంపతులు ఇంకో దారి పట్టారు. మాటలు రాసివ్వడమే మానేశారు. పిల్లల్ని ఆడుకోనిచ్చి, టేపు రికార్డర్ ఆన్ చేశారు.

జాన్ హబ్లీ డిస్నీ దగ్గర పనిచేసినవాడు. 1941లో అక్కడ జరిగిన సమ్మెతో బయటికొచ్చాడు. తర్వాత యూపీఏ అనే స్టూడియోలో మిస్టర్ మగూ అనే గుడ్డి చూపు ముసలాయన పాత్రను సృష్టించాడు. 1950ల మొదట్లో హాలీవుడ్‌లో కమ్యూనిస్టులన్న అనుమానంతో ఎందరినో పనికి దూరం చేశారు. హబ్లీ కూడా ఆ వేటలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1955లో ఫెయిత్‌ను పెళ్లి చేసుకున్నప్పుడు ఇద్దరూ ఒక మాట అనుకున్నారు, ఏడాదికి ఒక్క సినిమా అయినా తమకోసం తీయాలని. కడుపు నిండటానికి మాత్రం ప్రకటనలు తీసేవారు.

అలాంటి ప్రకటనల్లో ఒకటి మేపో అనే ఓట్స్ గంజికి. అందులో గంజి వద్దని మొరాయించే పిల్లవాడి పేరు మార్కీ. ఆ గొంతు హబ్లీ కొడుకు మార్క్‌దే.  ఆ ప్రకటన బాగా పేలింది, గంజి అమ్మకాలు పెరిగాయి.

1959లో మార్క్, తమ్ముడు రే కలిసి 'మూన్‌బర్డ్'కు గొంతిచ్చారు. ఇంట్లో రేను హాంపీ అని పిలిచేవారు. అన్నదమ్ములిద్దరూ రాత్రిపూట దొంగచాటుగా బయటికి వెళ్లి వెన్నెల పిట్టను పట్టుకోవాలనుకుంటారు. పది నిమిషాల కథ. పెద్దవాడు పనులు పురమాయిస్తుంటాడు, తన మాట వినమంటాడు. చిన్నవాడు సగం మాటలు మింగుతూ తన లోకంలో తానుంటాడు. మాట మధ్యలో ఆగిపోవడం, ఒకరి మీద ఒకరు మాట్లాడేయడం, ఊపిరి ఎగపీల్చడం, ఏదీ కత్తిరించలేదు. మేడ మీద చాపలు పరుచుకుని పడుకున్నప్పుడు పిల్లలు గుసగుసలాడుకోవడం ఎప్పుడైనా కళ్లు మూసుకుని వినండి, అచ్చం అలాగే ఉంటుంది.

బొమ్మలు వేసే తీరు కూడా ఆ గొంతుకు తగ్గట్టు మార్చారు. అప్పటి పద్ధతిలో కాగితం మీద గీసిన బొమ్మను పారదర్శకమైన సెల్యులాయిడ్ పలక మీద దిద్ది, వెనక నుంచి రంగు నింపి, నేపథ్యం మీద పెట్టి ఫొటో తీసేవారు. ఆ దిద్దుబాటులో మొదటి గీత మెత్తదనం పోతుంది. హబ్లీలు ఆ పలకను వదిలేశారు. కాగితం మీది బొమ్మ చుట్టూ నల్లరంగు పూసి, నేపథ్యాన్ని ఒకసారి తీసిన ఫిల్ము మీదే దాన్ని రెండోసారి తీశారు. నలుపు పడిన చోట ఫిల్ము మీద ఏమీ రాదు, బొమ్మ మాత్రమే పడుతుంది. దాంతో పిల్లల ఒంట్లోంచి వెనకాల చెట్లూ చీకటీ లీలగా కనిపిస్తాయి. వెన్నెల్లో తిరిగే పిల్లలకు అంతకన్నా మంచి ఒళ్లు ఉండదు. మా మేనకోడలి బస్సు గోడలోంచి మనుషులు కనిపించడం గుర్తొస్తుంది నాకు.

'మూన్‌బర్డ్'కు ఆస్కార్ వచ్చింది. పెద్ద స్టూడియో అండ లేకుండా తీసిన సినిమా ఆ విభాగంలో గెలవడం అదే మొదలని చెబుతారు. 2003లో అకాడమీ ఫిల్ము భాండాగారం దాన్ని భద్రపరిచింది.

తర్వాత వంతు ఆడపిల్లలది. 1968లో 'విండీ డే'. హబ్లీల కూతుళ్లు ఎమిలీ, జార్జియా నాటకం ఆడుకుంటారు. రాజకుమారుడు, రాజకుమారి, మధ్యలో రాక్షసి లాంటి జంతువు. ఆట ఎప్పుడు ఆగి మాట మొదలవుతుందో, మాట ఎప్పుడు మళ్లీ ఆటవుతుందో తెలీదు. పెళ్లి అంటే ఏమిటి, పిల్లలు ఎలా పుడతారు, పెద్దయితే ఏమవుతుంది, చచ్చిపోతే ఏమవుతుంది, అన్నీ ఆ ఆట మధ్యలోనే వచ్చిపడతాయి. మాట మారిన క్షణమే బొమ్మ మారుతుంది. గుర్రం అంటే గుర్రం, వద్దులే అంటే అది ఇంకోటి. దీనికీ ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది తల్లిదండ్రుల ఓర్పు. చావు గురించి పిల్ల అడిగితే మనం గబగబా ఏదో ఒకటి చెప్పి మాట తప్పిస్తాం. వీళ్లు టేపు ఆపలేదు. ఆ మాటలు విని, మళ్లీ విని, నెలల తరబడి వాటి వెనకే బొమ్మలు గీశారు. పిల్లల మాటను అంత శ్రద్ధగా విన్న పెద్దవాళ్లు ఏ కాలంలోనైనా తక్కువే.

1973లో వచ్చిన 'కాకబూడీ'లో ఆ పిల్లలే ఇంకా చిన్నగా, ఇంకా ముద్దుమాటల్లో వినిపిస్తారు. సినిమా వచ్చేనాటికి 1960లో పుట్టిన జార్జియాకు 13 ఏళ్లు. అంటే టేపు ఇంట్లో ఏళ్ల తరబడి దాగుంది. పేరు పిల్లల సొంత మాట, ఏ నిఘంటువులోనూ ఉండదు. పెద్దయ్యాక జార్జియా యో లా టెంగో అనే రాక్ బృందంలో డ్రమ్మర్ అయింది. ఎమిలీ తల్లిదండ్రుల దారిలోనే బొమ్మల సినిమాలు తీసింది. రే ఫిల్ము ఎడిటర్ అయ్యాడు.

ఒక అనుబంధం మన వైపు నుంచి. దూరదర్శన్ చూస్తూ పెరిగిన తెలుగువాళ్లకు 1974 నాటి 'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా' గుర్తుండే ఉంటుంది. విజయా ములే తీసిన ఆ ఫిల్మ్స్ డివిజన్ చిత్రానికి భీమ్‌సేన్ యానిమేషన్ చేశారు. అందులోని పాట పాడిన చిన్నారి తర్వాత పెద్ద గాయని అయిన సాధనా సర్గమ్. అది పిల్లలు గీసిన బొమ్మ కాదు. కానీ సినిమా మొత్తం కదిలేది 'అనేకం అంటే ఏమిటి' అని ఓ పిల్లవాడు అడిగిన ప్రశ్నతోనే.

భూర్జపత్రం మీద మృగం

బొమ్మ గీసి, దానికి కథ తనే చెప్పిన పిల్లల్లో పేరు తెలిసిన వాళ్లను వెతుక్కుంటూ వెనక్కి వెళితే రష్యాలోని నొవ్‌గొరొద్ నగరంలో ఆగాలి. 1956 జూలైలో అక్కడ తవ్వకాల్లో భూర్జపత్రాలు దొరికాయి. తడిమట్టిలో గాలి తగలక చెక్కు చెదరలేదు. 13వ శతాబ్దం నాటివి. వాటి మీద గీసినవాడి పేరు ఒన్‌ఫిమ్. గీతల్ని బట్టి ఆరేడేళ్ల వయసు అంటారు.

ఒక పట్ట మీద అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాడు. కొన్ని అక్షరాలు కాగానే మనసు పాఠం మీద నిలవలేదు, మిగిలిన చోటులో గుర్రం మీద ఒక వీరుణ్ని గీశాడు. వీరుడు కింద పడ్డ శత్రువును బల్లెంతో పొడుస్తున్నాడు. ఆ వీరుడి పక్కన తన పేరే రాసుకున్నాడు. ఇతర బొమ్మల్లో మనుషుల చేతులు పళ్ల గొర్రుల్లా ఉంటాయి, వేళ్ల లెక్క ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు.

ఇంకో పట్ట గుండ్రటిది, ఏదో బుట్ట అడుగు. ఒక వైపు బుద్ధిగా అక్షరమాల, గుణింతాలు. తిప్పితే, మెలి తిరిగిన తోకతో, నోట్లోంచి ఏదో చిమ్ముతూ ఒక జంతువు. అది ఎవరో మనం పొరబడకుండా పక్కనే రాసిపెట్టాడు, ఆ మృగం తనేనని. దాని పైనే ఇంకో మాట ఉంది. ఒన్‌ఫిమ్ నుంచి దనీలోకు నమస్కారం.